విశాఖకి నేల మీద లైట్ రైల్ సరిపోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇల్లు గాజువాకలో, ఉద్యోగం మధురవాడలో, రోజూ రాకపోకలకే ప్రాణం పోతోంది. స్తంభాల మీద మెట్రోకి వేల కోట్లు పెట్టే బదులు, విదేశాల్లోలా రోడ్డు మీదే లైట్ రైల్ వేస్తే సగం డబ్బుతో అయిపోదా? పెరుగుతున్న ఊరికి అది చాలదా? చివర్లో బీచ్ రోడ్డు ట్రామ్ గురించి కూడా ఒక ముక్క అడిగారు.

ముప్పై ఏళ్లు ట్రాఫిక్ సర్వేలు, బస్సు రూట్ల ప్లానింగ్ పనిలో ఉండి రిటైరయ్యాను. విశాఖ రోడ్ల మీద కుర్చీ వేసుకుని బళ్లు లెక్కపెట్టించిన రోజులు చాలా ఉన్నాయి. ముందే చెప్పేస్తున్నాను. లైట్ రైల్ ఈ ప్రాంతంలో రెండు దారుల్లో పనికొస్తుంది. మీరు రోజూ తిరిగే దారిలో మాత్రం పనికిరాదు. ఎందుకో చెప్పాలంటే కాస్త లెక్కలోకి దిగాలి, ఓపిక పట్టండి.

లైట్ రైల్ అనగానే రైలు బరువు తక్కువనీ అందుకే చవకనీ అనుకుంటారు. బరువు తక్కువే, కాదనను. కానీ అసలు ఆదా స్తంభాలు కట్టకపోవడంలో ఉంది. ఆ స్తంభాలు ఎందుకు కడతాం? కింద రోడ్డు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు కనక. రెండు ట్రాకులకి ఏడెనిమిది మీటర్ల వెడల్పు కావాలి, స్టాపు దగ్గర ప్లాట్‌ఫారానికి మరో మూడు నాలుగు మీటర్లు. ఆ జాగాలోకి కారు రాకూడదు, ఆటో రాకూడదు, కొబ్బరిబోండాల బండి రాకూడదు. అంటే రోడ్డుకి ఒక్కో వైపు ఒక లేన్ శాశ్వతంగా పోయినట్టే. అంత జాగా ఇస్తే లైట్ రైల్ చవక. ఇవ్వకుండా కార్లతో కలిసి నడవమంటే అది పట్టాల మీద ఇరుక్కుపోయిన బస్సు, పక్కకి తప్పుకునే వీలు కూడా ఉండదు.

ఆ పరీక్ష విశాఖ ఒకసారి రాసేసింది. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం (నగరాల అభివృద్ధికి కేంద్రం నిధులిచ్చిన పథకం) రోజుల్లో పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం వైపు ఒకటి, రెండు బీఆర్‌టీఎస్ కారిడార్లు వేశారు. రోడ్డు మధ్యలో బస్సులకి విడిగా దారి అన్నమాట. ఇప్పుడు ఏ ఉదయమైనా ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి పెందుర్తి వైపు వెళ్లి చూడండి. ఆ మధ్య దారిలో బస్సు కంటే మిగతా బళ్లే ఎక్కువ కనిపిస్తాయి. విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు కథా అంతే, పేరు మిగిలింది. ఢిల్లీలో అంబేడ్కర్ నగర్ – మూల్‌చంద్ బస్సు దారి 2008లో మొదలైతే, కార్లవాళ్ల గోల భరించలేక 2016లో పీకేశారు. అహ్మదాబాద్‌లో మాత్రం అదే నమూనా నిలబడింది, కంచె వేసి కాపలా పెట్టుకున్నారు కనక. బస్సుకి ఇచ్చిన లేన్‌నే కాపాడుకోలేకపోయాం. రైలుకైతే కాపాడతామా అన్నది నా మొదటి అనుమానం. రైలుకి భయపడి బళ్లు తప్పుకుంటాయని కొందరు అంటారు. కలకత్తా ట్రామ్ చూసినవాళ్లు ఆ మాట అనరు. 1902 నుంచి కరెంటు మీద నడిచిన ట్రామ్‌ని, ట్రాఫిక్‌కి అడ్డమని ఒక్కో రూటూ కట్టేసుకుంటూ వచ్చి, 2024లో మైదాన్ – ఎస్ప్లనేడ్ ముక్క ఒక్కటే ఉంచుతామన్నారు. మద్రాసు తన ట్రామ్‌ని 1953లోనే ఆపేసింది.

ఇక లెక్క. ఈ పనిలో ఏ ఫైలు తెరిచినా ముందు వెతికేది ఒకటే అంకె: రద్దీ గంటలో, ఒక దిక్కుకి, ఒక చోటు దాటే మనుషులు ఎంతమంది? దీన్నే పీహెచ్‌పీడీటీ అంటాం. ఊరి జనాభా ఎంత, రోజుకి ఎంతమంది తిరుగుతారు అనేవి పేపర్‌లో హెడ్డింగులకి బావుంటాయి గానీ, బస్సా రైలా తేల్చేది ఈ అంకే. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో మెట్రోలైట్ అనే పేరుతో లైట్ రైల్‌కి ప్రమాణాలు ఇచ్చింది. అందులో ఈ అంకె 2,000 నుంచి 15,000 మధ్య ఉన్న దారులకి అది తగినదన్నారు. మూడు పెట్టెల రైలు, దాదాపు 300 మంది పడతారు, నేల మీద కంచె కట్టిన దారి, పైన తీగలో 750 వోల్టుల కరెంటు. తర్వాత 2020లో మెట్రోనియో అని రబ్బరు చక్రాల నమూనా తెచ్చారు, 8,000 దాకా సరిపోతుందని. వరంగల్‌కి అనుకున్నది అదే.

పైన చెప్పిన 15,000 అంకె చూసి మోసపోవద్దు. 300 మంది రైలు అయిదు నిమిషాలకొకటి నడిస్తే గంటకి 12 రైళ్లు, అంటే 3,600 మంది. నిమిషానికొక సిటీ బస్సు, బస్సుకి 60 మంది చొప్పున వేసినా అదే 3,600. ఇంతకు మించి రైలు చూపించాలంటే మూడు నిమిషాలకొకటి రావాలి, 6,000 అవుతుంది. లేదా రెండు రైళ్లు కలిపి కట్టాలి, అప్పుడు ప్లాట్‌ఫారాలు రెట్టింపు పొడుగవుతాయి.

మూడు నిమిషాలకొకటి అన్నప్పుడు జంక్షన్‌లో ఏం జరుగుతుందో ఊహించండి. వెళ్లేవి ఇరవై, వచ్చేవి ఇరవై, గంటకి నలభై రైళ్లు. తొంభై సెకన్లకొకటి. మన పెద్ద జంక్షన్లలో సిగ్నల్ ఒక చుట్టు తిరగడానికే రెండు నిమిషాలు పడుతుంది. అంటే ప్రతి చుట్టులోనూ ఒక రైలు ఉంటుంది. రైలుకి పచ్చదీపం ఇస్తే అడ్డ రోడ్డు కదలదు, ఇవ్వకపోతే రైలూ మిగతా బళ్లతో పాటు నిలబడుతుంది. మద్దిలపాలెం, హనుమంతవాక, ఎన్‌ఏడీ లాంటి చోట్ల ఇది నడిచే పని కాదు. ఎన్‌ఏడీ దగ్గర అంత ఫ్లైఓవర్ కట్టుకున్నదే నేల మీద సర్దలేక.

ఇప్పుడు మీ దారికి వద్దాం. మెట్రో మొదటి దశలో పెద్ద కారిడార్ స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా, 34.4 కిలోమీటర్లు. గురుద్వారా – ఓల్డ్ పోస్టాఫీస్, తాటిచెట్లపాలెం – చినవాల్తేరు అనే రెండు చిన్నవి కలుపుకుంటే 46.23 కిలోమీటర్లు. 2024 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన అంచనా 11,498 కోట్లు. కిలోమీటరుకి 250 కోట్ల దగ్గర పడుతుంది. ఆ పెద్ద కారిడార్‌ని నేల మీద వేశామే అనుకోండి. సిగ్నళ్లు దాటుకుంటూ వెళ్లే లైట్ రైల్‌కి సగటున గంటకి 20 కిలోమీటర్లు వస్తే బాగా నడిచినట్టు. 34.4 కిలోమీటర్లకి గంటా నలభై నిమిషాలు దాటుతుంది. స్తంభాల మీద మెట్రో సగటు 33 అనుకుంటే గంట చాలు. మీరు గాజువాక నుంచి మధురవాడకి బైకు మీద ఎంతలో వెళ్తున్నారో మీకే తెలుసు. గంటన్నర పట్టే రైలు ఎక్కడానికి మీరు బైకు దిగుతారా? దిగరు. లైట్ రైల్‌కి పది పదిహేను కిలోమీటర్ల ప్రయాణం సొంపు. విశాఖ ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సింహాచలం కొండలు నొక్కితే పొడుగ్గా సాగిన ఊరు. అందరూ ఒకే గీత మీద తిరుగుతారు కాబట్టి రైలుకి వాటంగానే ఉంటుంది, కానీ దూరాలు ఎక్కువ కాబట్టి వేగం కావాలి. అందుకే హైవే మీద పైన వెళ్లడం తప్పదన్నది నా అభిప్రాయం. కొంత మేర కింద ఫ్లైఓవర్, పైన మెట్రోగా డబుల్ డెక్కర్ కట్టాలని ప్రతిపాదన కూడా అందుకే వచ్చింది.

ఇలాంటి అంకెలు చెప్పేవాళ్లని ఒక మాట మాత్రం అడగండి, ఆ పీహెచ్‌పీడీటీ ఎలా తీశారని. ఇందులో నాకొక పాత దెబ్బ ఉంది.

కంచరపాలెం దగ్గర ఒకసారి షేర్ ఆటోల సర్వే చేయిస్తున్నాం. ప్రతి బండీ ఆపి తలలు లెక్కపెట్టలేం కాబట్టి, పోతున్న బండిని చూసి ఒక కోడ్ రాయాలి: ఖాళీ, సగం, నిండుగా, వేలాడుతూ. ఒక కుర్రాడు తెల్లారి నుంచి ప్రతి ఆటోకీ 'నిండుగా' అనే రాసుకుంటూ పోయాడు. పేజీ అంతా ఒకటే కోడ్. టీ తాగుతూ కూర్చుని ఊహించి రాశాడనుకుని అందరి ముందూ గట్టిగా కేకలేశాను. వాడు ఏమీ అనలేదు. నన్ను తీసుకెళ్లి వంద గజాల వెనక ఆటో స్టాండు దగ్గర నిలబెట్టాడు. డ్రైవరు నిండే దాకా కదలడం లేదు. వెనక ముగ్గురు కూర్చున్నారు, ముందు ఇద్దరు కావాలి. ఒకావిడ చేపల బుట్టతో ఎక్కి, పావుగంట అదే ఆటోలో కూర్చుంది. వాడు రాసినది అక్షరాలా నిజం. నేను తప్పు. ఆ సాయంత్రం వాడికి భోజనం పెట్టించాను గానీ ఆ కేకలు వెనక్కి రావు కదా.

అక్కడ నేర్చుకున్నదేమిటంటే, షేర్ ఆటో నిండుగా పోతోందంటే ఆ దారిలో గిరాకీ ఎక్కువని అనుకోకూడదు. మనుషులు స్టాండులో కూర్చుని తమ టైము ఇచ్చి దాన్ని నింపుతున్నారు. రైలుకి ఎంతమంది వస్తారో అంచనా కట్టేటప్పుడు ఈ ఆటోల జనాన్నంతా రైల్లో ఎక్కించేస్తారు. వాళ్లు అంత తేలిగ్గా ఎక్కరు. ఆటో ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆగుతుంది, సందు మొదట్లో దింపుతుంది. రైలు స్టేషను కిలోమీటరుకొకటి. హైదరాబాద్ మెట్రో తొలి అంచనాల్లో రోజుకి 15 లక్షల మంది అన్నారు. 2017 నవంబరులో మొదలై, 69 కిలోమీటర్లు పూర్తయి ఏళ్లు గడిచాక కూడా అయిదు లక్షలకి అటూ ఇటూగానే ఉంది. అది మంచి మెట్రో, నేను ఎక్కినప్పుడల్లా సంతోషంగానే దిగాను. అంచనాలు కట్టినవాళ్లదే అత్యాశ.

ఈ లెక్కలో కొత్తగా ఇంకోటి చేరింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. జేబులో ఆధార్ కార్డుతో ఉచితంగా ఎక్కే అమ్మాయి, అదే దారిలో ముప్పై రూపాయలిచ్చి రైలెక్కాలంటే రైలు బాగా త్వరగా తీసుకెళ్లాలి. వేగం సమానమైతే బస్సే ఎక్కుతుంది. నేల మీద రైలుకి ఇది పెద్ద దెబ్బ, ఎందుకంటే బస్సుకీ దానికీ వేగంలో తేడా తక్కువ. పాత సర్వేల్లో బస్సు చార్జీ ఒక రేటనుకుని కట్టిన ఆదాయం అంకెలన్నీ మళ్లీ కట్టాల్సిందే.

ఇప్పుడు లైట్ రైల్ బాగా పనిచేసిన చోటు ఒకటి చెబుతాను. మా అమ్మాయి కెనడాలో కిచెనర్‌లో ఉంటుంది. కిచెనర్, వాటర్లూ, కేంబ్రిడ్జ్ మూడు ఊళ్లూ చుట్టూ పల్లెలూ కలిపి వాటర్లూ ప్రాంతం అంటారు. మన పిల్లలు చదువులకి బాగా వెళ్లే చోటే. వెళ్లినప్పుడల్లా అక్కడి అయాన్ రైలు ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతుంటాను. ఇంట్లోవాళ్లకి అదో విసుగు. 19 కిలోమీటర్లు, ఒక మాల్ నుంచి ఇంకో మాల్‌కి, మధ్యలో యూనివర్సిటీ, ఆసుపత్రి, రెండు డౌన్‌టౌన్లు.

దాని కథలో నాకు నచ్చింది రైలు రాకముందు జరిగినది. 2005లో అదే దారిలో ఐఎక్స్‌ప్రెస్ అని తక్కువ స్టాపుల బస్సు వేశారు. జనం అలవాటు పడ్డారు. 2031కి ఈ ప్రాంతంలో 7.29 లక్షల మంది ఉంటారని రాష్ట్రం లెక్క ఇస్తే, ఆ పెరిగే జనాన్ని పొలాల్లోకి పాకనివ్వకుండా ఈ గీత చుట్టూ కూర్చోబెట్టాలని అనుకున్నారు. ఊరి పొలిమేర దాటితే ఇప్పటికీ గుర్రపు బగ్గీల్లో తిరిగే మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులున్నారు, ఆ నేల పోగొట్టుకోవడం వాళ్లకి ఇష్టం లేదు. 2011లో కౌన్సిల్ ఓటు వేసింది, 2014లో పని మొదలైంది, 2017కి అన్నారు. బొంబార్డియర్ రైళ్లు ఆలస్యంగా పంపడంతో 2019 జూన్ 21న మొదలైంది. 81.8 కోట్ల డాలర్ల అంచనాలో రాష్ట్రం 30 కోట్లు, కేంద్రం 26.5 కోట్లు, మిగతాది ఆ ప్రాంతం ప్రజల పన్నులు. చివరికి 86.8 కోట్లయింది. మూడో ఊరు కేంబ్రిడ్జ్‌కి మాత్రం రైలు బదులు బస్సు దక్కింది, ఆ కోపం వాళ్లకి ఇంకా ఉంది. అనకాపల్లి, భీమిలి, విజయనగరం వాళ్లు రేపు ఇదే అడుగుతారు.

వాటర్లూలో స్టాపు దగ్గర ఒక వింత చూశాను. మామూలుగా రెండు పట్టాలుండాల్సిన చోట నాలుగు పట్టాలు ఒకదాంట్లో ఒకటి దూరినట్టున్నాయి. మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, అది పాత గూడ్సు లైను. పగలంతా అయాన్ తిరుగుతుంది, రాత్రి అది ఆగాక అదే దారిలో గూడ్సు బండి వెళ్తుంది. గూడ్సు పెట్టె వెడల్పు ఎక్కువ కాబట్టి ప్లాట్‌ఫారానికి తగలకుండా, స్టాపు దగ్గర దాన్ని కాస్త పక్కకి జరిపే పట్టాలవి. దారి విడిగా కొనకుండా ఉన్న రైలు గట్టునే వాడుకున్నారు. ఇవాళ విశాఖలో అలాంటి జాగాలు ఏమున్నాయని వెతకడం, కొత్త జాగా కొనడం కంటే చవక.

చవకలోనూ ఒక మెలిక ఉంది, భూమి కింద ఉన్నది. ట్రాకు వేసే చోట నీళ్ల పైపు, మురుగు పైపు, కేబుల్ ఏదీ ఉండకూడదు. ఉంటే రేపు పైపు పగిలిన రోజున రైలు ఆపి తవ్వాలి. పైగా 750 వోల్టుల డీసీ కరెంటు తిరుగు ప్రయాణం పట్టాల్లోంచే. కొంత భూమిలోకి జారి పక్కనున్న ఇనప పైపుల్ని తినేస్తుంది. అందుకని ట్రాకు కింద ఉన్నవన్నీ పక్కకి మార్చాలి. ఎడిన్‌బరోలో ఈ పైపుల మార్పిడిలోనే పడి ట్రామ్ ప్రాజెక్టు అతలాకుతలమైంది. 54.5 కోట్ల పౌండ్ల అంచనా 77.6 కోట్లకి చేరింది, అదీ అనుకున్న దారిలో కొంత కత్తిరించాక, 2014లో. లీత్ దాకా వెళ్లాల్సిన మిగతా ముక్క 2023లో గానీ రాలేదు. వాటర్లూలో కూడా కింగ్ స్ట్రీట్ తవ్వితే పాతకాలపు దుంగల బాట బయటపడి పని ఆగింది.

విశాఖ రోడ్ల కింద దుంగలేమీ ఉండవు గానీ, ఇంకోటి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊళ్లో కరెంటు స్తంభాలన్నీ పడగొట్టాక, ప్రపంచ బ్యాంకు అప్పుతో తీగల్ని భూమిలోకి దించారు. మంచి పని. కానీ ఇప్పుడు చాలా రోడ్ల అంచున కరెంటు కేబుళ్లు, పక్కనే నీళ్ల పైపులు, కింద డ్రైనేజీ. ఇవి సరిగ్గా ఎక్కడున్నాయో కాగితం మీద ఒకటి, తవ్వితే ఇంకోటి. లైట్ రైల్ అంచనా ఎవరైనా చూపిస్తే 'యుటిలిటీ షిఫ్టింగ్' పేరు మీద ఎంత పెట్టారో ముందు చూస్తాను. అది మొత్తంలో చిన్న వరుసగా ఉంటే ఆ కాగితాన్ని పక్కన పెట్టేస్తాను. స్తంభానికి ఇరవై అయిదు ముప్పై మీటర్లకొక గొయ్యి చాలు, కేబుల్ అడ్డొస్తే గొయ్యి కాస్త జరుపుకోవచ్చు. ట్రాకుకి మొత్తం దారి తవ్వాలి. పై మెట్రోని 'అంత ఖర్చా' అనేవాళ్లు ఈ తేడా పట్టించుకోరు.

వాన సంగతి కూడా చూసుకోవాలి. గెడ్డలు (వాగులు) పొంగితే జ్ఞానాపురం వైపు రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలవడం కొత్తేమీ కాదు. బస్సైతే ఇంకో దారిలో తిప్పుతారు. పట్టాల మీద బండికి ఇంకో దారి లేదు.

ఇంత చెప్పాక రెండు దారుల మాట. మొదటిది ఎన్‌ఏడీ – పెందుర్తి. బీఆర్‌టీఎస్ పేరుతో రోడ్డు వెడల్పు ఇప్పటికే సంపాదించుకున్నారు, మధ్యలో జాగా ఉంది. అది వదులుకోకూడదు. కానీ అక్కడ రేపే పట్టాలు వెయ్యమని నేను చెప్పను. ముందు ఆ మధ్య దారికి కంచె కట్టి, ఆరు నెలలు బస్సులకే వదిలి, అయిదు నిమిషాలకొక బస్సు నడపండి. బస్సు లేన్‌లోకి బండి వస్తే చలాన్ రావాలి, ఎమ్మెల్యే గారి అనుచరుడి బండైనా సరే. ఆ బస్సులు నిండి, రద్దీ గంటలో ఒక దిక్కుకి మూడు నాలుగు వేలు దాటితే అప్పుడు రైలు గురించి మాట్లాడుకోవచ్చు. కంచెకీ కెమెరాలకీ అయ్యే ఖర్చు రైలు కొనే ఖర్చులో లెక్కలోకే రాదు. వాటర్లూ వాళ్లు బస్సుతో పద్నాలుగేళ్లు ఆగారు. మనం ఆరు నెలలు ఆగలేమా?

రెండోది కొమ్మాది నుంచి భోగాపురం. మెట్రో రెండో దశలో 30 కిలోమీటర్లకి పైగా దూరం, 12 స్టేషన్లు ప్రతిపాదించారు. కొత్త విమానాశ్రయం అటే కాబట్టి ఊరు కూడా అటే పాకుతుంది. ఇక్కడ ఖాళీ జాగాలు ఇంకా ఉన్నాయి, జంక్షన్లు తక్కువ, స్టాపుల మధ్య దూరం ఎక్కువ. నేల మీద కంచె కట్టి వేస్తే రైలు గంటకి 60 అందుకోగలదు. ఇవాళ రైలు అక్కర్లేదు, విమానం ఎక్కేవాళ్లతో రైలు నిండదు. విమానాశ్రయంలో పనిచేసేవాళ్లతో, అటు కట్టే ఇళ్లతో నిండాలి. దానికి టైముంది. కానీ పన్నెండు మీటర్ల పట్టీ ఒకటి మాస్టర్ ప్లాన్‌లో గీత గీసి, ఈ అయిదేళ్లలోనే వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) చేతిలోకి తీసుకోవాలి. అపార్ట్‌మెంట్లు లేచాక అదే పట్టీ కొనాలంటే రైలు కంటే నేల ఖరీదవుతుంది. ఈ ఒక్క పని చేస్తే మిగతాది మన పిల్లలు చూసుకుంటారు.

గురుద్వారా నుంచి ఓల్డ్ పోస్టాఫీస్ దాకా ఉన్న చిన్న కారిడార్ నాకు ఏ రూపంలోనూ రుచించదు. జగదాంబ దాటాక పూర్ణామార్కెట్ వైపు రోడ్డు వెడల్పు మీకు తెలుసు. పైన కడితే రెండో అంతస్తు కిటికీల్లోకి రైలు చూస్తుంది. కింద వేస్తే షాపుల ముందు బళ్లు పెట్టే చోటు మొత్తం పోవాలి, ఆ వ్యాపారులు ఒప్పుకోరు. అక్కడికి రెండు మూడు నిమిషాలకొక చిన్న కరెంటు బస్సు చాలు.

డబ్బు ఎవరిస్తారన్నది వేరే కథ. 2017 మెట్రో విధానం ప్రకారం బస్సు, బీఆర్‌టీఎస్, లైట్ రైల్ అన్నీ పోల్చి చూపించాకే మెట్రో అడగాలి, ఆర్థిక ప్రతిఫలం 14 శాతం ఉండాలి. ఆ పోలిక మన దగ్గర చాలాసార్లు మెట్రో ఖాయం చేసుకుని తర్వాత రాస్తారు. 2025 నవంబరులో కోయంబత్తూరు, మదురై ప్రతిపాదనలు జనాభా 20 లక్షలు లేదని వెనక్కి వచ్చాయి. 2011 జనగణనలో విశాఖ కార్పొరేషన్ జనాభా 17 లక్షల చిల్లరే. విభజన చట్టం 13వ షెడ్యూలులో విశాఖ మెట్రో సాధ్యాసాధ్యాలు పరిశీలిస్తామని రాసి ఉంది కాబట్టి మన వాదనకి వేరే బలం ఉంది. అయినా పదేళ్లుగా అంచనాలు మారుతూనే ఉన్నాయి, గమనించే ఉంటారు.

మీకు ఇవాళ పనికొచ్చేది చెప్పమంటే, గాజువాక నుంచి మధురవాడకి మధ్యలో నాలుగైదు చోట్ల మాత్రమే ఆగే బస్సు అడగండి. మీ ఆఫీసుల్లో ఒకే షిఫ్టులో ఉన్న యాభై అరవై మంది సంతకాలతో ఆర్టీసీ రీజనల్ మేనేజర్‌కి ఇవ్వండి. ఏ టైముకి, ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతారో ఒక పట్టిక కూడా జత చేయండి. పట్టిక లేని అర్జీలు ఫైల్లోనే ఉండిపోతాయి, నేను చూశాను.

ఇక బీచ్ రోడ్డు ట్రామ్. ఆమధ్య లైట్ మెట్రోతో పాటు అరవై కిలోమీటర్ల ట్రామ్ ఆలోచన వచ్చినప్పుడు అందరికీ నచ్చిన బొమ్మ అదే. సముద్రం పక్కన గాజు కిటికీల రైలు. ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం అది కిటకిటలాడుతుంది, సోమవారం ఉదయం తొమ్మిదికి దాంట్లో ఎవరు ఉంటారు? ఉప్పుగాలికి పైన తీగ, దాని బిగింపులు ఎన్నాళ్లుంటాయి? హుద్‌హుద్ తర్వాత భూమిలోకి దించుకున్న తీగల్ని మళ్లీ తుపాను ముందుకి తెచ్చి కడతామా? తీగ లేకుండా బ్యాటరీ మీద నడిచే ట్రామ్‌లున్నాయి, ఖరీదు ఎక్కువ. నేనైతే ఆ డబ్బు అక్కడ పెట్టను. తెల్లవారుజామున వాకర్ల కోసం ఆ రోడ్డు మీద బళ్లు ఆపేస్తున్నారు కదా, ఆ వేళల్ని ఆదివారం సాయంత్రాలకి కూడా పెంచి, రెండు చివర్ల నుంచి చిన్న కరెంటు బస్సులు తిప్పి ఒక సీజన్ చూడమంటాను. బారికేడ్లు ఎలాగూ అక్కడే పడి ఉంటాయి.